చిన్నమ్మడి మానిటర్‌కి తెలుపు పెట్టిన వైనం

చిరంజీవి పెద్దమ్మడిని నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, చిన్నమ్మడూ క్షేమం. అక్కడ నువ్వూ, వాతావరణం కొలవడానికి నువ్వు పూటకొకటి ఎగరేసే ఆ బెలూన్లూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం పడవ దిగి, బస్సెక్కి, పదకొండు రోజులకి నా చేతికందింది. ఓ మూల తడిసి ఆరినట్టుంది, నీ సంతకం పక్కన సిరా అలుక్కుపోయింది. ఆ దీవిలో ఫోను పలకదు కాబట్టి సరిపోయింది గానీ, పలికినా నువ్వు నాచేత ఉత్తరమే రాయించేదానివి. "ఫోనులో అయితే అంతా బాగుందమ్మా అని ఠక్కున పెట్టేస్తావు నాన్నా. కాగితం ముందు కూర్చుంటే అంత తేలిగ్గా తప్పించుకోలేవు" అన్నావు కదా. నిజమే. ఈ కాగితం ముందు మూడు రోజులుగా కూర్చుంటున్నాను.

నాలుగు ప్రశ్నలు వేశావు. నా మోకాలు ఎలా ఉంది, చిన్నమ్మడు చదువుతోందా ఆటే ఆడుతోందా, కొత్త మానిటర్ ఏం కొన్నారు. ఈ మూడూ వరసగా రాశావు. నాలుగోది మాత్రం సంతకం కింద, చదవకపోయినా ఫరవాలేదన్నట్టు చిన్న అక్షరాలతో ఇరికించావు. "ఆ సెలవులో నేను ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే అమ్మ మనకి దక్కేదా నాన్నా?"

చదివాను తల్లీ. చాలాసార్లు చదివాను. దానికి జవాబు నా దగ్గరుంది, ఈ ఉత్తరంలోనే రాస్తాను. కానీ ఆ జవాబు దాకా నేను నా దారిన నడిచి రావాలి. ఆ దారి మానిటర్ మీదుగా పోతుంది. నస పెడుతున్నానని విసుక్కోకుండా చదువు.

మోకాలు మెట్లెక్కేటప్పుడు మాత్రమే తన ఉనికి చాటుకుంటోంది. కంప్యూటర్ల కొట్టులో నా బల్ల కింది అంతస్తులోనే కాబట్టి దానికి పెద్దగా అవకాశం దొరకడం లేదు. ఇప్పటికీ రోజుకి రెండు మూడు చచ్చిన మానిటర్లు వస్తాయి. విప్పి, కాలిన భాగం పీకి, కొత్తది అతికించి, చివర తెలుపు పెట్టి, అంటే తెర మీద తెల్లరంగు సరిగ్గా తెల్లగా కనపడేలా దిద్ది, పంపిస్తాను. చిన్నమ్మడు చదువుతోంది. ఆ కంప్యూటర్ తుపాకుల ఆట ఆడుతోంది కూడా. అయిదుగురు అమ్మాయిల జట్టు కట్టింది, మిగతా నలుగురూ తనని "తూటా" అని పిలుస్తారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని "ఎడమ పక్క ఇద్దరున్నారే, మెట్ల కింద దాక్కో!" అని అరుస్తుంటే మొదట్లో పక్కింటావిడ దొంగలు పడ్డారనుకుని కంగారుగా తలుపు కొట్టింది.

ఇక మానిటర్ సంగతి. నాలుగు ఊళ్ళ జట్ల పోటీకి వీళ్ళని ఎంపిక చేశారు. చిన్నమ్మడి పాత మానిటర్ సెకనుకి అరవై బొమ్మలు చూపిస్తుంది. అవతలి జట్టు పిల్లల తెరలు రెండు వందల నలభై చూపిస్తాయట. "అంటే నాన్నా, వాళ్ళకి నేను గోడ దాటి బయటికి రావడం నాలుగు ముక్కల్లో కనిపిస్తే, నాకు వాళ్ళు ఒకే ముక్కలో వచ్చి కాల్చేస్తారు" అని వారం రోజులు నా బుర్ర తినేసింది. సరే పదమన్నాను. ముప్ఫయ్యేళ్ళు తెరలతో కాపురం చేసినవాణ్ణి, నా కూతురికి తెర ఎంచడం నాకొక లెక్కా అనుకున్నాను.

మా కొట్లో కుర్రాళ్ళు నన్ను చూడగానే మూడు వందల అరవై హెర్ట్జ్‌ది, అంటే సెకనుకి అన్ని బొమ్మలు చూపించేది, ముందు పెట్టారు. చిన్నమ్మడి కళ్ళు ఇంతింత అయ్యాయి. నేను అడ్డం పడ్డాను. "నీ కంప్యూటర్ ఆటలో సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోంది?" అన్నాను. ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి కొలిపించాను, రెండు వందలు దాటడం లేదు. గీసేవాడు రెండు వందలు గీస్తుంటే చూపించేవాడికి మూడు వందల అరవై ఎందుకు? రెండు వందల నలభై చాలన్నాను. అంగుళాల దగ్గర మళ్ళీ పేచీ. తనకి ఇరవై ఏడు కావాలి, వంపు తిరిగింది కావాలి. ఇరవై నాలుగున్నర అయితే తల తిప్పకుండా నాలుగు మూలలూ కంటికి అందుతాయని జట్టులోని పొడుగమ్మాయి చెప్పింది కాబట్టి ఒప్పుకుంది. నేను చెబితే ఒప్పుకునేది కాదు.

ప్యానెల్, అంటే బొమ్మ కనపడే పలక, మాత్రం నేనే ఎంచాను. కొట్లో తెర మీద నల్ల అక్షరాల కాగితం తెరిచి, జోరుగా కిందికి జరపమన్నాను. ఒకదానిలో నలుపు ఎంతో బాగుంది గానీ, అక్షరాల వెనక మసిలాంటి తోక లాగుతోంది. చీకటి గదుల్లో పరిగెత్తే ఆటలో ఆ తోక ప్రాణం తీస్తుంది. ఇంకోదానిలో తోక లేదు, కానీ కొంచెం పక్కకి జరిగి చూస్తే మొహాలన్నీ వెలిసిపోతున్నాయి. మూడోది రెండింటికీ మధ్యస్థం, దాన్నే తీసుకున్నాం. "మా రోజుల్లోనూ బొమ్మ వెనక దెయ్యంలాంటి నీడ కనిపించేది. మేడెక్కి యాంటెన్నా తిప్పితే పోయేది. ఇప్పుడిది ప్యానెల్లోనే కాపురం పెట్టింది" అంటే కొట్లో కుర్రాళ్ళు నవ్వారు. చిన్నమ్మడు మాత్రం "నాన్నా, ప్లీజ్" అంది.

ఇంటికి తెచ్చి నేనే బిగించాను. కేబుల్ నేనే తగిలించాను. ఎవరూ చెయ్యి పెట్టొద్దని ఆర్డరు వేశాను. మీట నొక్కగానే, ఆహా, ఏం చెప్పను! "చూశావా, వెన్నలా జారుతోంది! ఇదే రెండు వందల నలభై అంటే!" అని ఎగిరి గంతేశాను. పక్కింటావిడని పిలిచి చూపించాను. మా కొట్టు ఓనరుకి చెప్పాను. రెండు రోజులు వీధి వీధంతా డబ్బా కొట్టుకున్నాను. మూడో రోజు పొడుగమ్మాయి వచ్చి కూర్చుని, మౌస్‌ని గుండ్రంగా రెండు చుట్లు తిప్పి, నా వంక జాలిగా చూసింది.

"అంకుల్, ఇది అరవై మీదే నడుస్తోంది."

నేను తగిలించింది పాత మానిటర్ కేబులే. అది అంత వేగాన్ని మోయలేదు. అదీ కాక, సెట్టింగుల్లోకి వెళ్ళి రెండు వందల నలభై అని ఎంచుకుంటే గానీ అది తనంతట తాను మారదు. పెట్టెలో కొత్త కేబుల్ కవరు కూడా విప్పకుండా పడుంది. ఇంత అనుభవం పెట్టుకుని పప్పులో కాలేశాను. పొడుగమ్మాయి కేబుల్ మార్చి, అంకె మార్చి, మళ్ళీ మౌస్ తిప్పింది. అప్పుడు నిజంగానే జారింది. చిన్నమ్మడు నోరు తెరిచి అలా చూస్తుండిపోయింది.

"మరి రెండు రోజులూ నోరెత్తలేదేమే?" అన్నాను.

"నాకేం తేడా తెలియలేదు నాన్నా. కానీ నువ్వు అంత గట్టిగా ఉందన్నావు కదా, నా కంటికే తెలియడం లేదేమో అనుకున్నా."

ఆ మాటకి అప్పుడు ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఇక తెలుపు పెట్టాలి. ఆ పనికి కూర్చునేసరికి నువ్వే గుర్తొచ్చావు పెద్దమ్మడూ. నీకు ఆరేళ్ళు ఉంటాయేమో. పిక్చర్ ట్యూబు టీవీల కాలం. తిప్పాల్సిన మరలన్నీ వెనక, బొమ్మేమో ముందు. నేను వెనక కూర్చుంటే బొమ్మ కనపడదు. అందుకని ఎవరింటికి బాగుచెయ్యడానికి వెళ్ళినా నువ్వు ముందు నిలబడి, అమ్మ అద్దాన్ని రెండు చేతులా పొట్టకి ఆనించి పట్టుకునేదానివి. ఆ అద్దంలో చూస్తూ నేను మర తిప్పేవాణ్ణి. అద్దం కొంచెం వంకర పోతే నాకు తెర బదులు వాళ్ళింటి ఫ్యానో, నీ ముక్కో కనిపించేది. "అమ్మడూ, ముక్కు తియ్యి!" అంటే కిసుక్కున నవ్వి, అద్దం ఇంకా వంకర చేసేదానివి. ఊరికే పట్టుకుని నిలబడే రకానివా నువ్వు! "నాన్నా, టీవీలో మావయ్య ఎర్రగా అయిపోయాడు! కొంచెం తగ్గించు. ఇంకొంచెం. ఆఁ చాలు, మనిషయ్యాడు!" అని కేకలు పెట్టేదానివి. వాళ్ళింటి వాళ్ళు నీకు బిస్కెట్లు పెట్టి, నాకు ఉత్త టీ ఇచ్చేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని, ఆ బిస్కెట్లలో సగం విరిచి వెనక్కి చూడకుండా నా నోటి దగ్గర పెట్టేదానివి. ఆ రోజులు ఎంత బాగుండేవి! స్క్రూడ్రైవర్ల డబ్బా, నువ్వు, అద్దం. ముగ్గురం ఒక సైకిల్ మీద సరిపోయేవాళ్ళం.

అప్పట్లో నీకు చెప్పేవాణ్ణి గుర్తుందా? తెలుపు ఒక్కటి సరిగ్గా పెడితే మిగతా రంగులు వాటంతటవే సర్దుకుంటాయని. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ సమంగా తూచితేనే తెలుపు. దాన్ని చూసి చెప్పడానికి కన్ను కావాలి. ఆ కన్ను నాకుందని ఊరంతా అనేవాళ్ళు. పెద్ద కంపెనీ మెకానిక్కులు కూడా తాము దిద్దిన సెట్లు ఒకసారి చూడమని నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఆ మాటలు విని విని నా కళ్ళు నెత్తికెక్కాయి. మీ అమ్మ మాత్రం నా కన్ను గురించి అందరికంటే ఎక్కువ చెప్పుకునేది. కుట్టుపనికి వచ్చిన వాళ్ళ బట్టకి సరిపోయే దారం ఎంచాలంటే పది రీళ్ళు నా ముందు పోసి, "ఏమండీ, ఒక్కసారి చూసి చెప్పండి" అనేది.

సరే, చిన్నమ్మడి తెర ముందు కూర్చున్నాను. ముందు వెలుగు తగ్గించాను, కొత్తవి కొట్లో మెరిసిపోవాలని మరీ ఎక్కువ పెట్టి పంపిస్తారు. బొమ్మ తొందరగా మారేందుకు ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని పూర్తిగా పెంచితే కదిలే మనిషి వెనక ఈసారి తెల్లతోక మొలిచింది. నడిమికి దించాను. బూడిదరంగు పట్టీలు వేసి, నలుపు పక్కన నలుపు విడివిడిగా కనపడే దాకా సర్దాను. చివరికి తెర నిండా తెలుపు వేసి, ఎరుపూ నీలమూ తిప్పుతూ, నాకు గుర్తున్న ఆ పాత తెలుపు కంటికి ఆనే దాకా గంటసేపు దిద్దాను. "ఇదిగో, పాలు!" అన్నాను.

మర్నాడు పొడుగమ్మాయి వచ్చి ఒక ఆట ఆడి, భుజాలు రుద్దుకుంది. "మీ ఇంట్లో ఆడుతుంటే చలేస్తోంది అంకుల్. అంతా నీలంగా ఉంది. నేల కూడా."

"నీకు అలవాటు లేదమ్మా. మా కాలంలో టీవీల తెలుపు కొంచెం నీలం మీదే ఉండేది" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ పిల్ల వాళ్ళ నాన్నకి ఫొటో స్టూడియో ఉంది. నాకు తెలిసినాయనే, నన్ను అన్నా అని పిలుస్తాడు. సాయంత్రం ఆయన తెరల రంగు కొలిచే మీటరు పట్టుకుని తనే వచ్చాడు. అరచేతిలో ఇమిడే నల్లటి పెంకు, దాన్ని తెరకి వేలాడదీస్తే గోడమీద బల్లిలా అతుక్కుని, కింద రంగులు మారుతుంటే ఒక్కొక్కటీ కొలుస్తుంది. మామూలు తెలుపుకి అంకె ఆరు వేల అయిదు వందలు రావాలి. అంకె పెరిగే కొద్దీ నీలం పెరిగినట్టు. మా పాత టీవీలు తొమ్మిది వేల మూడు వందల మీద ఉండేవి. నేను పెట్టిన తెలుపు పదకొండు వేలు దాటింది.

"మీటరు పాడైంది" అన్నాను.

ఆయన దాన్నే తన ల్యాప్‌టాప్‌కి తగిలించి చూపించాడు, సరిగ్గా ఆరు వేల అయిదు వందలు. పొడుగమ్మాయి ఫోనుకి పెట్టి చూపించాడు. మర్నాడు మా కొట్టుకి తెచ్చి, నేను దిద్ది ఇంకా పంపకుండా ఉన్న మూడు తెరలకీ పెట్టాడు. మూడూ నీలమే. మూడూ ఒకేలా నీలం. అప్పుడు సంచీలోంచి రెండు కాగితాలు తీసి నా బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు. "అన్నా, ఇందులో ఏది తెలుపు, ఏది లేత పసుపు?"

నాకు రెండూ ఒకటే పెద్దమ్మడూ. దీపం కిందికి జరిపాను, గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాను. రెండూ ఒకటే. కొట్లో కుర్రాడొకడు దూరం నుంచే "కుడిచేతిది పసుపు కదా మాస్టారూ" అన్నాడు. కాగితాలు రెండూ ఆయన చేతిలో పెట్టేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "కంటి డాక్టర్ దగ్గరికి పోదాం పద అన్నా, నేనూ వస్తా" అన్నాడు.

శుక్లాలట. రెండు కళ్ళకీ. తెల్లగా వచ్చే రకం కాదు, పసుపురంగు తిరిగే రకం. డాక్టరమ్మ చిన్నావిడ, ఓపిగ్గా చెప్పింది. "మీరు పసుపు కళ్ళద్దాల్లోంచి లోకాన్ని చూస్తున్నారనుకోండి. మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి మీకు తెలియదు. లేత పసుపుకీ తెలుపుకీ తేడా ముందు పోతుంది. అందుకే తెరలో నీలం పెంచుకుంటూ పోయారు." నేను అడిగింది ఒక్కటే. ఎంతకాలం నుంచి అయి ఉంటుందని. ఆవిడ మళ్ళీ ఒకసారి లైటు వేసి చూసింది. "ఇంత ముదరడానికి అయిదారేళ్ళు పట్టి ఉంటుందండీ."

బయట బల్ల మీద కూర్చున్నాను. స్టూడియో ఆయన మందుల చీటీ తేవడానికి వెళ్ళాడు. అయిదారేళ్ళు. మీ అమ్మ పోయి మూడేళ్ళు.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చాను తల్లీ.

ఆ సెలవుకి నువ్వు నాలుగు రోజులు వచ్చావు. రెండో రోజు పొద్దున అమ్మ కిటికీ దగ్గర కుట్టుమిషన్ మీద ఉంది. నువ్వు కాఫీ ఇస్తూ ఆగిపోయి, "అమ్మా, ఇటు తిరుగు. నాన్నా, ఒకసారి రా, అమ్మ కళ్ళు పసుపుగా లేవూ?" అన్నావు. నేను వచ్చాను. అమ్మ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, తెర పరీక్ష చేసినట్టే చేసి, "తెల్లగా ఉన్నాయి, పాలలా ఉన్నాయి" అన్నాను. నువ్వు మళ్ళీ అన్నావు. మధ్యాహ్నం అన్నం దగ్గర మూడోసారి అన్నావు, ఆసుపత్రికి తీసుకెళదామన్నావు. నాకు కోపమొచ్చింది. "రోజంతా మబ్బులు చూసి చూసి నీకు అందరి మొహాల్లోనూ వాన కనిపిస్తోంది. తెలుపేదో నాకు చెప్పొచ్చావా?" అన్నాను. అమ్మ నవ్వి నీ చెయ్యి పట్టుకుని, "మీ నాన్న చూశారుగా, ఇంక వదిలెయ్యవే. ఆయన కన్ను తప్పదు" అంది. నా మాట మీద నమ్మకంతో మళ్ళీ మిషన్ దగ్గర కూర్చుంది. నువ్వు సెలవు అయిపోయి పడవెక్కావు.

ఏడు వారాలకి, బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఆవిడెవరో అమ్మని చూసి హడలిపోయి చెబితే ఆసుపత్రికి వెళ్ళాం. నువ్వు పడవ మీద పరిగెత్తుకొచ్చావు. పిత్తనాళం దగ్గర గడ్డ అన్నారు. ఆరు వారాల ముందు తెచ్చి ఉంటే కోసి తీసేయడానికి వీలుండేదన్నారు. "ఇంత పసుపు తేలింది, ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని ఆ పెద్ద డాక్టర్ అడిగాడు.

"ఎవరూ గమనించలేదండీ" అన్నాను.

నువ్వు నా వెనకే నిలబడి ఉన్నావు. చిన్నమ్మడు, మీ పెద్దమ్మ కూడా ఉన్నారు. నువ్వు నోరు విప్పలేదు. తల తిప్పి చూసే ధైర్యం నాకు లేకపోయింది. నన్ను అందరి ముందూ చిన్నబుచ్చలేక మింగేశావని నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. తరవాత మీ పెద్దమ్మ "పక్కనున్న వాళ్ళకి తెలియకపోతే మానె, బయటి నుంచి వచ్చిన పిల్లకైనా తెలియొద్దూ, నాలుగు రోజులు ఉందిగా" అని నిన్ను దెప్పినప్పుడు కూడా నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

ఎలా కూర్చోగలిగానని అడుగుతావు. నన్ను నేను నమ్మించుకున్నానమ్మా. నేను చూసిన రోజున నిజంగా తెల్లగానే ఉన్నాయి, పసుపు ఆ తరవాత వచ్చింది, నువ్వే పొరబడ్డావు, నా కన్ను తప్పదు కదా, అని. ఈ మూడేళ్ళూ ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోయాను. ఆ నల్ల పెంకు వచ్చి తెరకి అతుక్కునే దాకా.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు ఇది. నువ్వు గట్టిగానే చెప్పావు. మూడుసార్లు చెప్పావు. ఇంతకంటే గట్టిగా ఏ కూతురూ చెప్పలేదు. అమ్మ దక్కేదా అంటే, డాక్టర్ మాట ప్రకారం దక్కే వీలుండేది. ఆ వీలు పోగొట్టింది నీ మెతకదనం కాదు, నా అహంకారం. శుక్లాలు నా తప్పు కాదు. కానీ నీకు కనపడింది నాకు కనపడనప్పుడు, ఒక్కసారైనా నీదే నిజమేమో అని ఆసుపత్రి దాకా నడవకపోవడం నా తప్పు. ఆ తరవాత చెప్పిన అబద్ధం ముమ్మాటికీ నా తప్పు. నువ్వు ఆ ఒంటరి దీవిలో కూర్చుని, అసలు నేను చెప్పానా, సరిగ్గా చెప్పానా అని నిన్ను నువ్వే అనుమానించుకునే స్థితికి తెచ్చాను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు.

మొన్న ఆదివారం చిన్నమ్మణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. "అక్క నాతో కూడా చెప్పలేదు నాన్నా" అంది. రెండు రోజులు నాకు అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు. తరవాత మీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ నా మాట మొత్తం విని, లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అరగంట చూసి వచ్చేశాను. సాయంత్రం చిన్నమ్మడికి ఫోను చేసి నీ చిరునామా అడిగిందట. ఆవిడ ఉత్తరం ఈ ఉత్తరంతో పాటే పడవెక్కుతుందేమో. నా మీద ఎన్నాళ్ళు కోపం ఉంచుకున్నా ఆవిడ ఇష్టం.

పోటీ సంగతి రాయడం మరిచాను. చిన్నమ్మడి జట్టు రెండు ఆటలు గెలిచి మూడోది ఓడిపోయింది. మానిటర్ తప్పేం లేదట, మెట్ల కింద దాక్కోమంటే ఒకమ్మాయి మెట్ల మీద దాక్కుందట. కొట్లో ఉన్న ఆ మూడు తెరలతో పాటు ఈ నెల్లో నేను దిద్ది పంపినవి కూడా వెనక్కి తెప్పించి, స్టూడియో ఆయన మీటరుతో మళ్ళీ సరిచేసి పంపాను. ఓనరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కన్ను బాగయ్యే దాకా కాలిన భాగాలు మార్చడం వరకే నా పని అన్నాడు. సరే అన్నాను.

ఆపరేషన్ వచ్చే నెల మొదటి వారంలో. ముందు కుడి కన్ను, నెల తిరిగాక ఎడమది. దీనికోసం సెలవు పెట్టుకుని రావద్దు, చిన్న పనేనట, చిన్నమ్మడు ఉంది. నీకు రావాలని ఎప్పుడనిపిస్తే అప్పుడు రా. అనిపించకపోయినా నేను ఏమీ అనుకోను.

ఒక్కటి మాత్రం నీకు చెప్పి చేస్తాను. ఆ పొద్దున మిషన్ దగ్గర నువ్వు అమ్మకి ఫొటోలు తీశావట. చిన్నమ్మడు వాటిని కంప్యూటర్లో ఎక్కడో దాచింది, ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. "వద్దు నాన్నా, ఇప్పుడు చూసి ఏం చేస్తావు" అంటోంది. కట్టు విప్పిన రోజు వాటిని ఆ కొత్త తెర మీద పెట్టమన్నాను. ఆ తెరలో ఇప్పుడున్నది మీటరు పెట్టిన తెలుపు, నేను పెట్టింది కాదు. ఆ రోజు అమ్మ కళ్ళని నువ్వొక్కదానివే చూశావు. చూసింది మూడేళ్ళు ఒక్కదానివే మోశావు. ఇకనైనా నేనూ చూడాలి తల్లీ.

ఇట్లు,
ఆ పొద్దున నీ మాట వినని
నాన్న